తెర అవతలి నవ్వు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏమిటంటే, నా కూతురు నాలాగా తయారవుతుందేమోనని.

జబ్బులకు భయపడననీ, చీకటికి భయపడననీ కాదు. వాటికి మందో మాకో ఉంటుంది, దీపమో పక్కింటివాళ్ళో ఉంటారు. ఈ భయానికి ఏ కొట్లోనూ మందు దొరకదు.

నాలాగా అంటే ఎలాగో చెప్పాలి. తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వేశానో లేదోనని వెనక్కి వచ్చి తాళంకప్పను లాగి చూసే మనిషిని నేను. స్టవ్ ఆపాక ఆపానని చేత్తో తడిమితే గాని నా కళ్ళను నేను నమ్మను. వీధిలో ఎవరైనా "ఇదిగో అమ్మాయ్" అని కేకేస్తే, వాళ్ళు ఎవర్ని పిలిచారో తెలిసేలోపే నేనేం తప్పు చేశానోనని గుండె జారిపోతుంది. మా అత్తమ్మ దీనికి ఎప్పుడో పేరు పెట్టేసింది. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం మా కోడలు. పాపం, గుమ్మడికాయ మొహం ఎరగదు, భుజాలు మాత్రం అరిగిపోయాయి."

చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. మా అమ్మ మంచం పట్టింది, ఇంట్లో ఇంకో ఆడదిక్కు లేదు. లెక్కల పరీక్ష రాసి ఇంటికి వచ్చిన రోజే పుస్తకాల సంచీ అటక ఎక్కింది. పేపర్లు దిద్ది పిల్లలకు పంచిన రోజున నేను వంటింట్లో ఉన్నాను. అందులో ఏవి ఒప్పో ఏవి తప్పో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కోసారి నిద్ర పట్టే ముందు ఆ చివరి లెక్క కళ్ళ ముందుకొస్తుంది. హెచ్చవేత దగ్గర సున్నా పెట్టానా లేదా? మాస్టారు ఎర్ర సిరాతో అక్కడ గీత గీశాడా? గీసినా బాగుండును, చూసుకునేదాన్ని. ఏ బీరువాలో చెదలు తినేశాయో ఆ కాగితాన్ని. ఇంత పెద్దదాన్నయ్యాక కూడా దాని మీద బెంగ పోలేదు.

అలాంటిదానికి దొరికిన పని కూడా తగ్గట్టే దొరికింది. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో నేను చెకర్‌ని. తెల్లటి ట్యూబులైటు కింద బల్ల, బల్ల మీద కుట్టయిన చొక్కాలు. కాలరు ఎత్తి చూడాలి, కఫ్ మడిచి చూడాలి, చంకలో కుట్టు లాగి చూడాలి. కుట్టు జారినా, పోగు లేచినా, రెండు గుండీల మధ్య ఎడం తేడా వచ్చినా, అక్కడ చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించాలి. ఆ చొక్కా తిరిగి మిషన్ల మీదకు పోతుంది. బాణం ఎక్కడుందో అక్కడ బాగు చేస్తారు. బాగయ్యాక మళ్ళీ నా బల్ల మీదకే వస్తుంది. చూసి, బాణం పీకేసి, ప్యాకింగ్‌కి తోసేయాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇదే. బాగున్న చొక్కా నా కంటికి ఆనదు, చేతుల మీదుగా నీళ్ళలా జారిపోతుంది. తప్పున్న చోటే చూపు ఆగుతుంది. మా లైను మాస్టారు కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి, "ఆవిడవి కళ్ళు కావు, సూదులు" అంటాడు. అన్నప్పుడల్లా సంతోషంగానే ఉండేది.

ఆ సూదులు ఫ్యాక్టరీ గేటు దగ్గర తీసి పెట్టి రావడానికి వీలుంటే ఎంత బాగుండేది.

మా అమ్మాయిని గుండీ అని పిలుస్తాం. పుట్టినప్పుడు మూతి ముడిచి గుండ్రంగా ఉందని వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరు. ఆయన సరుకు లారీ నడుపుతారు, ఇంట్లో ఉన్న రోజులకన్నా రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ. ఇంట్లో ఉండేది నేను, అత్తమ్మ, గుండీ.

మూడేళ్ళప్పుడు గుండీ ఎలా ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. చొక్కా తిరగేసి తొడుక్కునేది. కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని బాతులా వీధంతా తిరిగి వచ్చేది. గ్లాసులో నీళ్ళు పోస్తే గ్లాసు తప్ప అన్నీ తడిసేవి. అంకెలు చెప్పమంటే మూడు తర్వాత ఏడు, ఏడు తర్వాత మళ్ళీ రెండు, చివర్లో "అయిపోయింది!" అని చప్పట్లు. పడితే నవ్వేది, ఒలకబోస్తే నవ్వేది, నవ్వినందుకు ఇంకోసారి నవ్వేది. ముక్కులోంచి మొదలై కడుపులోకి జారే నవ్వు అది. వంటింట్లో ఉన్నా, స్నానంలో ఉన్నా, ఆ నవ్వును బట్టి ఏ గదిలో ఏం ఒలికిందో చెప్పగలిగేదాన్ని.

నాలుగు నిండి అయిదు నడుస్తుండగా ఒక పొద్దున గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. వేసుకుంది, లేచింది, ఒక అడుగు వేసింది. ఆగింది. కాళ్ళ వంక చూసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ కూర్చుని రెండూ విప్పి, మార్చి వేసుకుంది.

"అత్తమ్మా, చూశారా? తనంతట తనే చూసుకుంది!" అన్నాను. నాకు ఎంత గర్వమో.

"బుద్ధి మొలుస్తోందే" అంది అత్తమ్మ.

"పళ్ళలాగానా నానమ్మా?" అంది గుండీ.

"ఆ, పళ్ళలాగే. నాకు ఊడుతున్నాయి, నీకొస్తున్నాయి. ఇంట్లో లెక్క సరిపోవాలిగా!"

ఆ రోజు ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్నాను. కానీ ఆ పొద్దున ఇంకోటి కూడా జరిగింది. అది నేను తర్వాత గుర్తు చేసుకున్నాను. చెప్పులు మార్చుకునే ముందు గుండీ ఒక్క క్షణం తలెత్తి నా మొహం చూసింది.

తర్వాత తర్వాత ఆ చూపు ఎక్కువైంది. నీళ్ళు పోసుకునేటప్పుడు గ్లాసు వైపు కాకుండా నా వైపు చూసేది, అందుకే ఇంకా ఒలికేవి. అంకెలు చెప్పేటప్పుడు నాలుగు దగ్గర ఆగి, నా పెదాలను చూసి, కదలకపోతే మానేసేది. పాటలు పాడుకోవడం మానేసింది. బొమ్మలు గీయడం ఆపలేదు గానీ, ఒక గీత గీసి, అది వంకర పోతే నా మొహం చూసి, కాగితం మడిచి చాప కింద దూర్చేసేది. ఒక ఆదివారం ఇల్లు ఊడుస్తూ చాప ఎత్తితే ఆ కాగితాలు కనిపించాయి. ఒకదాంట్లో ఒంటి గోడ, ఇంకోదాంట్లో కప్పు మాత్రమే, ఇంకోదాంట్లో తలుపు, దానికి ఇల్లు లేదు. పూర్తయిన ఇల్లు ఒక్కటీ లేదు.

"ఇవెందుకు దాచావమ్మా?" అని అడిగాను.

"బాలేవు" అంది.

"ఎవరన్నారు?"

నా మొహం చూసింది. నేను నవ్వాననే అనుకున్నాను. ప్రేమగానే చూశాననుకున్నాను.

అత్తమ్మ మంచం మీంచి, "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని గొణిగింది. మామూలుగా అయితే నవ్వేసి ఊరుకునేదాన్ని. ఆ రోజు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ పిల్లల కోసం కింది అంతస్తులో ఒక గది ఉంది. అక్కడికే గుండీని తీసుకెళ్తాను. ఒకరోజు ఆ గదికి ఒక అమ్మాయి వచ్చింది. జుట్టు రేగి, భుజాన ఇంత బరువు సంచీ, చేతిలో మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో ఉప్పునీళ్ళలో నానుతున్న వలలాంటి టోపీ, దాని నిండా స్పాంజి ముక్కలు, వాటికి సన్నటి వైర్లు. పిల్లలు ఆమెకు అప్పుడే టోపీ అక్క అని పేరు పెట్టేశారు. పెద్ద చదువు చదువుతోందట. చిన్నపిల్లలు తప్పు చేసినప్పుడు తమంతట తాము ఎలా గమనిస్తారో, ఆ గమనించడం ఏ వయసులో ఎలా పెరుగుతుందో చూస్తోందట. ఇష్టమున్న తల్లులు పిల్లల్ని కూర్చోబెట్టవచ్చంది.

నా మనసులో మాట నా కన్నా ముందు ఈ పిల్లకెలా తెలిసింది అనుకున్నాను.

మర్నాడు అత్తమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. అత్తమ్మ ఆ డబ్బాలోకి తొంగి చూసి, "ఏమ్మా, మా పిల్ల నెత్తిన ఇన్ని వైర్లు పెట్టి రేడియో చేస్తావా ఏంటి? కరెంటు కొడుతుందా?" అంది.

"కొట్టదు నానమ్మా. ఇది కరెంటు ఇవ్వదు, వినడమే. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి వింటాడే, అలాగ. గొట్టం గుండెకేమైనా చేస్తుందా?"

"ఏం వింటుంది?"

ఆ అమ్మాయి నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని చెప్పింది. "మనం పొరపాటు చేస్తామనుకోండి. అయ్యో అని నోరు అనకముందే, చెయ్యి వెనక్కి తీసుకోకముందే, తల లోపల చిన్న కుదుపు లేస్తుంది. పెద్దవాళ్ళలో బాగా తెలుస్తుంది. చిన్నపిల్లల్లో అది ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. తప్పు చేశాక ఒక్క క్షణం ఆగడం, తర్వాత కాస్త నెమ్మదించడం, ఇవన్నీ మెల్లమెల్లగా వస్తాయి. పుట్టగానే నడవలేం కదా, అలాగే."

"అయితే మా కోడలికి మాత్రం పెట్టకమ్మా ఆ టోపీ" అంది అత్తమ్మ. "నీ మిషను పేలిపోతుంది."

టోపీ అక్క పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "మేడం, ఆ కుదుపు మరీ ఎక్కువైతే?" అని అడిగాను.

"మేడం ఏంటక్కా, నేను మీకన్నా చిన్నదాన్ని." నవ్వు ఆపి నా వంక చూసింది. "ఎక్కువ తక్కువలు అందరిలో ఉంటాయి. భయస్తుల్లో కొందరికి పెద్దగా కనిపిస్తుందని చదువుకున్నాం. కానీ పిల్లల దగ్గర అంత సూటిగా ఉండదు. ఒక్క గీత చూసి ఈ పిల్ల ఇలా అవుతుందని నేను చెప్పలేను, ఇంకెవరైనా చెప్పినా మీరు నమ్మకండి."

నమ్మడానికే వచ్చానని ఆ పిల్లకు ఎలా చెప్పను?

గుండీకి టోపీ పెట్టారు. ఉప్పునీళ్ళు చెవుల వెనక కారుతుంటే భుజాలు ఎగరేసింది. ఎదురుగా చిన్న టీవీలాంటిది, చేతి కింద పచ్చ బటన్. కుందేలు వస్తే నొక్కాలి, దానికి క్యారెట్ దొరుకుతుంది. నక్క వస్తే నొక్కకూడదు, నొక్కితే నిద్రపోతున్న నక్క లేస్తుంది. బొమ్మలు చకచకా మారిపోతుంటాయి, తప్పు పడకుండా ఎవరూ ఆడలేరు. తప్పు పడాలనే అలా పెట్టారట.

నన్ను పక్కనే కుర్చీలో కూర్చోమంది టోపీ అక్క. ఏమీ మాట్లాడవద్దంది. నేను ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకున్నాను.

కుందేలు. నొక్కింది. నా వైపు చూసింది. కుందేలు. నొక్కింది, చూసింది. నక్క. నొక్కబోయి ఆగి నా వైపు చూసింది, ఈలోగా రెండు కుందేళ్ళు వెళ్ళిపోయాయి.

"గుండీ, బొమ్మ వైపు చూడు తల్లీ."

చూసేది. మళ్ళీ తల తిరిగేది. తల తిరిగినప్పుడల్లా వైర్లు కదిలి, టోపీ అక్క ముందున్న తెర మీద గీతలన్నీ పిచ్చుకగూడులా అయిపోతున్నాయి. ఆమె కాసేపు ఓపిక పట్టి, నా దగ్గరకు వచ్చి మెల్లగా, "అక్కా, ఏమీ అనుకోకండి. కాసేపు ఆ కర్టెన్ అవతల కూర్చుంటారా?" అంది.

"నేను లేకపోతే భయపడుతుందేమో."

"అడుగుదాం. గుండీ, అమ్మ అటువైపు కూర్చుంటే భయమా?"

"ఊఁహూఁ" అంది గుండీ. అడిగీ అడగకముందే అనేసింది.

లేచి కర్టెన్ అవతలికి వెళ్ళాను. పిల్లలు మధ్యాహ్నం పడుకునే పరుపులు అక్కడ దొంతరగా ఉన్నాయి, వాటి మీద కూర్చున్నాను. కర్టెన్ నేల దాకా లేదు. దాని కింద నుంచి గుండీ పాదాలు కనిపిస్తున్నాయి. కుర్చీ ఎత్తుగా ఉంది కాబట్టి నేలకు అందక గాల్లో ఉన్నాయి. ఒక మేజోడు జారి మడమ కిందకు వచ్చింది. దాన్ని పైకి లాగాలని నా వేళ్ళు తహతహలాడాయి.

టిక్కు, టిక్కు, టిక్కు. బటన్ శబ్దం. పాదాలు కదలకుండా ఉన్నాయి. తర్వాత, నక్క లేచినప్పుడు వచ్చే మొద్దు శబ్దం. తప్పు పడింది.

నేను కళ్ళు మూసుకున్నాను.

"అయ్యయ్యో! నక్కని లేపేశా!"

ఆ వెంటనే నవ్వు. ముక్కులోంచి మొదలై కడుపులోకి జారే ఆ నవ్వే. పోయిందనుకున్న నవ్వు. పాదాలు గాల్లో ముందుకూ వెనక్కూ ఊగాయి. "పడుకో నక్కా, పడుకో పడుకో" అని దానికి జోల కూడా పాడింది. మళ్ళీ ఇంకో తప్పు, ఇంకో నవ్వు. మధ్యలో ఒకసారి, "ఈసారి చూడు, ఆగుతా చూడు" అని తనకు తనే చెప్పుకుని నిజంగానే ఆగింది. నక్క లేవలేదు. "హమ్మయ్య!"

నా చెయ్యి కర్టెన్ దాకా వెళ్ళింది. ఒక్క జానెడు పక్కకు లాగితే చాలు, ఆ నవ్వుతున్న మొహం కనిపిస్తుంది. లాగితే నవ్వు ఆగిపోతుందని తెలుసు. బట్ట అంచు పట్టుకుని అలాగే కూర్చున్నాను. మా అమ్మ పోయిన తర్వాత దేన్నీ అంతగా చూడాలనిపించలేదు నాకు.

అయిపోయాక అత్తమ్మ గుండీ తల తుడుస్తుంటే టోపీ అక్క పక్కకొచ్చింది.

"నాలాగే ఉందా?" అని అడిగేశాను.

"గీతలన్నీ కలిపి చూస్తే గానీ ఏమీ తెలీదక్కా. కానీ మీరూ విన్నారుగా. తప్పు పడగానే కనిపెట్టేస్తోంది, తర్వాతసారి కాస్త ఆగుతోంది. ఆ వయసుకు రావలసిందే అది. రాకూడదని కోరుకోకండి." కాస్త తటపటాయించింది. "తప్పని తెలిశాక ఏం చేయాలో మాత్రం పిల్లలు చుట్టూ ఉన్న మొహాల్లో వెతుక్కుంటారు. నవ్వాలా, ఏడవాలా, దాచాలా అని. అది మా టోపీకి తెలీదు, నేను చూసింది చెప్తున్నా."

అత్తమ్మ అక్కడి నుంచే, "అయితే మా కోడలికి కొత్త మొహం కుట్టించాలి. ఫ్యాక్టరీలో చెప్తా" అంది. వింటున్న గుండీ నవ్వబోయి, నన్ను చూసి, ఆగింది.

ఆ రోజు నుంచి నేను కొత్త మొహం కుట్టుకోవడం మొదలుపెట్టాను. కావాలని తప్పులు చేసి, కావాలని నవ్వాను. జాకెట్టు తిరగేసి తొడుక్కుని, "అయ్యో, చూడు గుండీ, అమ్మ ఎలా తొడుక్కుందో! హహహ" అన్నాను.

గుండీ పరీక్షగా చూసింది. "నువ్వు కావాలని తొడుక్కున్నావు."

"లేదే, నిజంగా."

"నిజంగా అయితే ముందు నీకు భయమేస్తుంది."

అత్తమ్మ చేతిలో గిన్నె జారి కింద పడింది. "నన్ను చూసి నేర్చుకోవే కోడలా. నాకు కావాలని చేసే అవసరమే లేదు, నావన్నీ అసలు సరుకు" అంది. ఆ గిన్నె దొర్లుతూ మంచం కిందకు పోయింది. గుండీ దాని వెంట మంచం కిందకు దూరింది. అక్కడ, నాకు కనపడని చోట, కిలకిలా నవ్వింది. ఆ నవ్వు దుప్పటి అంచు కింద నుంచి వినిపించింది. అది కూడా తెరే అయింది నాకు.

ఆ తర్వాత కొద్దిరోజులకు నా చేతుల మీదుగా అసలు సరుకులాంటి తప్పే జరిగింది.

ఒక చొక్కా కాలరు కింద కుట్టు జారితే బాణం అంటించాను. బాగు చేసి పంపారు. చూశాను, కుట్టు చక్కగా ఉంది. ప్యాకింగ్‌కి తోసేశాను. బాణం పీకడం మరిచిపోయాను. చెకర్‌గా పనిచేసే మనిషి మాత్రమే చేయగల తప్పు అది. సరుకు కొనేవాళ్ళ తరపున చూడ్డానికి వచ్చిన మనిషి ఏదో పెట్టె విప్పి, మడత విప్పి, కాలరు ఎత్తేసరికి ఎర్ర బాణం. ఒక్కటి దొరికితే ఇంకెన్ని ఉన్నాయోనని టేపు వేసిన పెట్టెలన్నీ విప్పించారు. లైనంతా ఆగిపోయింది. అందరూ నేను చూసిన చొక్కాల్లో బాణాల కోసం వెతికారు.

లైను మాస్టారు అరవలేదు, అరిచినా బాగుండేది. "నీ కళ్ళు సూదులని అందరికీ చెప్పుకుంటిని కదమ్మా. సూదికి కూడా ఒక కన్నం ఉంటుందని మరిచిపోయా" అన్నాడు. పక్క బల్ల వాళ్ళు తలలు దించుకుని నవ్వుకున్నారు. ఇంకో బాణం దొరకలేదు. పెట్టెలు మళ్ళీ మూసేశారు. మాస్టారు టీ తాగడానికి పోయాడు. అంతే, లోకం అంతం కాలేదు. కానీ సాయంత్రం దాకా ప్రతి చొక్కా కాలరూ రెండేసిసార్లు ఎత్తి చూశాను.

ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాను. కొత్త మొహం పెట్టుకునే ఓపిక లేదు. అత్తమ్మకు జరిగిందంతా చెబుతుంటే కన్నీళ్ళు కారిపోయాయి. చాప మీద బోర్లా పడుకుని గీస్తున్న గుండీ లేచి వచ్చింది.

"మాస్టారు నిన్ను కొట్టాడా?"

"లేదమ్మా."

"చొక్కా పాడైపోయిందా?"

"లేదు. చొక్కా బాగానే ఉంది. ఎప్పుడో బాగు చేసేశారు. బాణమొక్కటే తీయలేదు నేను."

"బాగైపోయిన చొక్కాకి బాణం ఎందుకుంది?"

"మరిచిపోయానన్నానుగా."

గుండీ ఆలోచించింది. నా మోచేతి దగ్గర ఏదో కనిపించి వంగింది. అక్కడొక ఎర్ర బాణం అంటుకుని ఉంది. పనిలో ఎప్పుడు అంటుకుందో నాకు తెలియదు. గోటితో మెల్లగా అంచు లేపి పీకింది. "నీకూ తీయలేదు" అంది. తర్వాత చాలా పెద్ద విషయం అడిగినట్టు, "నక్క లేచిందా?" అని అడిగింది.

"లేచింది" అన్నాను. ముక్కు తుడుచుకుంటూ, ఏమీ ఆలోచించకుండానే అనేశాను. "మీసాలున్న నక్క. లేచి, టీ తాగడానికి పోయింది."

గుండీ నవ్వింది. నా ఎదురుగా, నా కళ్ళ ముందే. ముక్కులోంచి మొదలైంది. అలవాటు కొద్దీ అప్పుడే నా మొహం చూసింది. కన్నీళ్ళతో తడిసిన ఆ మొహంలో ఏం కనిపించిందో నాకు తెలియదు. నవ్వు కడుపు దాకా జారలేదు, సగంలో ఆగిపోయింది. సగమైనా, దాన్ని నేను చూశాను.

"మీసాల నక్కని గీస్తా" అని చాప మీదకు పోయింది. నేను లేచి, ఆరిన బట్టలు మడతపెట్టే మిషతో దానికి వీపు పెట్టి కూర్చున్నాను. వెనక రంగు పెన్సిలు గరగరలాడుతోంది. కాసేపటికి ఠక్కున ఆగింది. తప్పు పడిందని నా వీపుకే తెలిసింది. తిరిగి చూడాలని మెడ నరాలు లాగేస్తున్నాయి. అత్తమ్మ జాకెట్టు ఒకటి తీసి మడిచాను, విప్పాను, మళ్ళీ మడిచాను. చాప చివర ఎత్తిన చప్పుడు వినిపించింది. కాగితం మడిచేస్తుందనుకున్నాను.

ఎత్తిన చాప చివర తిరిగి నేలకు తగిలిన చప్పుడు. పెన్సిలు మళ్ళీ కదిలింది.

బొమ్మ పూర్తయ్యాక నాకు చూపించలేదు. మంచం దగ్గరకు వెళ్ళి నానమ్మకు చూపించింది. గుసగుసలు వినిపించాయి.

"ఇదేంటే, నక్కకు అయిదు కాళ్ళున్నాయి?"

"లెక్క తప్పింది నానమ్మా. అందుకే అక్కడ బాణం పెట్టా."

"మరి చెరిపెయ్యనా?"

"వద్దు, ఉండనీ. దానికి ఇష్టం."

గుండీ నిద్రపోయాక అత్తమ్మ ఆ కాగితం నాకు ఇచ్చింది. మీసాలున్న నక్క, చేతిలో టీ కప్పు. తోక పక్కన అయిదో కాలు, దాని మీద నా మోచేతి నుంచి పీకిన ఎర్ర బాణం. ఇన్నాళ్ళలో చాప కిందకు పోకుండా పూర్తయిన మొదటి బొమ్మ అది. నా చివరి లెక్కల పేపరు మీద కూడా ఎవరైనా ఇలా ఒక బాణం పెట్టి, ఉండనీ అని ఉంటే ఎలా ఉండేదో.

అంతా బాగైపోయిందని రాయను. ఇప్పటికీ గుండీ నా ఎదుట సగమే నవ్వుతుంది. పూర్తి నవ్వు పక్క గదిలో నవ్వుతుంది, మంచం కింద నవ్వుతుంది, తలుపు అవతల నవ్వుతుంది. సాయంత్రాలు పని ముగిశాక నేను ఆ తలుపు ఇవతల కూర్చుంటాను. లోపల ఏదో పడుతుంది, "అయ్యయ్యో" వినిపిస్తుంది, నవ్వు వస్తుంది. కళ్ళు మూసుకుని ఆ మొహాన్ని ఊహించుకుంటాను. ఏదో ఒకరోజు తలుపు తనే తీసి, నవ్వు ఆపకుండా నా వైపు చూస్తుందని ఎదురుచూస్తాను. ఆ రోజుకు నా మొహం సిద్ధంగా ఉండాలి. తుడుచుకుంటూ ఉన్నాను.

మీరు ఇది చదువుతున్నారు కదా. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక మూల కూర్చుని, ఏమీ ఒలకబోయకుండా, ఏమీ తప్పు చేయకుండా, చాలా బుద్ధిగా, చాలా నిశ్శబ్దంగా ఆడుకునే పిల్ల ఉంటే, చదవడం పక్కన పెట్టి ఒకసారి వెళ్ళి చూసి రండి. గుమ్మం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, ముందు మీ మొహం తడుముకోండి.